‘ఈజ్’ ఏం పని చేస్తుంది?

మా ఊళ్ళో నూకాలమ్మ జాతరకి ఇంకా పది రోజులుంది. గవరపాలెంలో అప్పుడే పందిరి రాటలు పాతుతున్నారు. ఆ సందడికి కాస్త ఎడంగా మా తెలుగు మాస్టారి ఇల్లు, ఇంటి ముందు అరుగు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మేనకోడలు ఇంకో హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. నేను చాలా ఏళ్ళు బెల్లం మార్కెట్లో పద్దులు రాసినవాణ్ణి. వాళ్ళిద్దరూ ఒకచోట చేరారంటే నేనూ వెళ్ళి ఓ పక్కన కూర్చుంటాను. వాళ్ళు వాదించుకునే తీరు నాకిష్టం. గొంతు పెంచరు, మాట మింగరు.

ఆ రోజు ఇద్దరి మధ్యా కూర్చున్నది మాస్టారి కూతురి కూతురు. తండ్రి కశింకోట దగ్గర చెరుకు రైతు. పిల్ల తాతగారింట్లో ఉండి పదో తరగతి చదువుతోంది. వారంలో ఇంగ్లీషు పరీక్ష. ఒళ్ళో రెండు నోటుపుస్తకాలున్నాయి. మొదటిదాంట్లో నౌన్, ప్రొనౌన్, వెర్బ్, యాడ్వెర్బ్, క్లాజ్, వాయిస్, సిమిలీ, మెటఫర్, టాపిక్ సెంటెన్స్... ఒక్కోదానికి రెండు రంగుల సిరాతో నిర్వచనం. ఎక్కడా అక్షరం తప్పు లేదు. రెండోదాంట్లో ఆ పిల్ల సొంతంగా రాసుకున్న పేరా ఉంది. అందులో మొదటి మూడు వాక్యాలు ఇవి:

“మై ఫాదర్ ఫార్మర్. హి షుగర్‌కేన్ గ్రోస్. రెయినింగ్ దెన్ జాగరీ నాట్ మేకింగ్.”

మేనకోడలు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. వాదన అక్కణ్ణించి మొదలైంది.

మేనకోడలు: చూశారా మావయ్యా, వెర్బ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వాక్యం రాయమంటే అందులో వెర్బే ఉండదు. పేరు తెలిసినంత మాత్రాన ఏం లాభం? అందుకే నా క్లాసులో ఈ నిర్వచనాల పుస్తకం రాయించను. మాట్లాడిస్తాను, చదివిస్తాను, రాయిస్తాను.

మాస్టారు: నీ క్లాసు సంగతి నాకు తెలుసమ్మా, పిల్లలు నీ దగ్గర నోరు విప్పుతారు. కానీ తప్పు రాసినప్పుడు ఏం చెబుతావు? “ఇక్కడ ఏదో బాగోలేదు” అంటావా? ఆ ఏదో అన్నదానికి ఒక పేరుండాలి కదా.

మేనకోడలు: సరైన వాక్యం పక్కన రాసి చూపిస్తాను.

మాస్టారు: ఈ వాక్యానికి చూపిస్తావు. రేపు ఇంకో వాక్యంలో అదే తప్పు చేస్తే? రెండూ ఒకే తప్పని దానికెలా తెలుస్తుంది? పేరుండేది అందుకే. వంద వాక్యాల్లో వంద రకాలుగా కనబడే తప్పుని ఒక్క తాటికి కడుతుంది.

మేనకోడలు: అయితే ఆ పేరు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ఈ చిక్కుకి సగం కారణం మీ తెలుగు పేర్లే. చిన్నప్పుడు దీనికి ఏం చెప్పారు? వెర్బ్ అంటే క్రియ, క్రియ అంటే పనిని తెలిపే మాట అని. ఏమ్మా, నువ్వే చెప్పు, ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’లో వెర్బ్ ఏది?

పాప: ఈజ్ అని చెప్పారత్తా. కానీ ‘ఈజ్’ ఏం పని చేస్తుంది?

ఆ ప్రశ్నకి మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు తెలిసి, తడుముకోవలసి వస్తే ఆయన చేసే మొదటి పని అదే.

మాస్టారు: మంచి ప్రశ్న. తప్పు పేరుది కాదమ్మా, ఆ నిర్వచనానిది. పాణిని పదాన్ని రెండుగానే తేల్చాడు, సుబంతం, తిఙంతం అని. అంటే చివర ఏ ప్రత్యయాలు చేరతాయో దాన్నిబట్టి. పని చేస్తుందా లేదా అని ఆయన అడగలేదు. ‘పనిని తెలిపేది’ అన్నది తర్వాత పిల్లల కోసం తేలిక చేసిన మాట. తేలిక చేయబోతే అది కాస్తా తప్పుదారి పట్టింది.

మేనకోడలు: పాణిని దాకా ఎందుకు మావయ్యా? ఇంగ్లీషు వాళ్ళ పార్ట్స్ ఆఫ్ స్పీచే సొంతవి కావు. రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకు వాళ్ళు తమ భాష కోసం ఎనిమిది భాగాలు చెప్పుకున్నారు. లాటిన్ వాళ్ళు ఆ పట్టిక తెచ్చుకుని చూసుకుంటే వాళ్ళ భాషలో ఆర్టికలే లేదు. దాన్ని తీసేసి, ఎనిమిదికి ఒకటి తగ్గకుండా ఇంటర్జెక్షన్ని వేరుగా లెక్కపెట్టారు. ఆ లాటిన్ చొక్కా ఇంగ్లీషుకి తొడిగారు. అదే చొక్కా మనం తెలుగు పిల్లలకి తొడుగుతున్నాం. ఇన్ని ఒళ్ళు మారిన చొక్కా ఎక్కడ సరిపోతుంది?

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఎనిమిది భాషాభాగాలంటే ఎనిమిది దిక్కుల్లాగా ముందే ఉన్నవనుకునేవాణ్ణి.

మాస్టారు: బాగా చెప్పావు. మన దగ్గరా అంతే. 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌను తెలుగుకి ఇంగ్లీషులో వ్యాకరణాలు రాశారు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. దొరలు తమ పేర్లతో తెలుగుని చూశారు, సూరి సంస్కృతం పేర్లతో చూశాడు. అయినా ముగ్గురికీ తెలుగు కనబడింది. కొలబద్ద తెచ్చుకున్నదైతే అయింది, కొలవడానికి ఏదో ఒకటి ఉండాలిగా.

మేనకోడలు: పెద్దవాళ్ళకి కనబడింది సరే. పదిహేనేళ్ళ పిల్లకి కనబడుతోందా? ఇంకోటి అడుగుతాను. సబ్జెక్ట్ అంటే కర్త అని బళ్ళో చెబుతాం కదా?

మాస్టారు: చెబుతాం.

మేనకోడలు: రావణుడు రాముడి చేత చంపబడ్డాడు. కర్త ఎవరు?

మాస్టారు: రాముడే. పని చేసినవాడే కర్త. వాక్యం ఎలా తిప్పినా మారడు.

మేనకోడలు: ఇంగ్లీషులో దీనికి సబ్జెక్ట్ రావణుడు. చచ్చినవాడు సబ్జెక్ట్, చంపినవాడు కాడు. మరి సబ్జెక్ట్ అంటే కర్త అని నేర్చుకున్న పిల్ల ప్యాసివ్ వాయిస్ దగ్గరికొచ్చేసరికి ఏమవుతుంది? దీనికి జ్వరం వచ్చిందనుకోండి. ‘నాకు జ్వరం వచ్చింది’ అంటుంది. వచ్చింది జ్వరం. ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’, అక్కడ సబ్జెక్ట్ ‘ఐ’. ఈ రెండింటికీ ఒకటే పేరని మనమే చెప్పి, తప్పు రాస్తే మనమే ఎర్రసిరా పెడుతున్నాం.

మాస్టారు: నువ్వు నన్ను ఓడించాననుకుంటున్నావు. నేను చెప్పాలనుకున్నది నువ్వే చెబుతున్నావమ్మా. కర్త వేరు, సబ్జెక్ట్ వేరు. ఆ తేడా పిల్లకి కనబడాలంటే కర్త అన్న మాట చేతిలో ఉండాలి కదా. ఒక్క పేరే ఉంటే ఆ పక్కన ఇంకోటి ఉందనే తెలియదు. సమానం అని మనం పెట్టిన గుర్తు తప్పు. పక్కపక్కన పెట్టడం తప్పు కాదు.

మేనకోడలు: మాట మారుస్తున్నారు.

మాస్టారు: మారుస్తున్నాను. నలభై ఏళ్ళ కిందట నేనూ సమానం గుర్తే పెట్టాను. నా దగ్గర చదివి తప్పులు రాసిన పిల్లలు ఇప్పుడు గుర్తొస్తారు.

ఆయన ఆ మాట అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్ల మాత్రం నోటుపుస్తకంలో ‘సబ్జెక్ట్ = కర్త’ అని ఉన్నచోట రెండు గీతల గుర్తుని అడ్డంగా కొట్టేసింది.

మేనకోడలు: పోనీ, ఆ ప్యాసివ్ వాయిస్ మాట తీసుకోండి. ‘బెల్లం మా నాన్న చేత వండబడినది’ అని తెలుగులో ఎవరంటారు?

మాస్టారు: ఎవరూ అనరు. ఆ వాక్యం పరీక్ష కాయితం మీదే పుడుతుంది, అక్కడే పోతుంది. కానీ ఆ భావం తెలుగులో లేదనుకోకు. ‘వండిన మనిషి’, ‘వండిన బెల్లం’. మాట ఒక్కటే చూడు. మనిషి వండాడు, బెల్లం వండలేదు, దాన్ని వండారు. అయినా రెండింటి ముందూ ‘వండిన’ నిలబడింది. ఎవరికీ తికమక లేదు. ఇంగ్లీషు వాడు ఒకచోట ‘కుక్డ్’ అని, ఇంకోచోట ‘హూ కుక్డ్’ అని విడదీసుకోవాలి. తెలుగు పిల్లకి ప్యాసివ్ చెప్పాలంటే ‘చేత బడు’ దగ్గర మొదలెట్టకూడదు, ‘వండిన బెల్లం’ దగ్గర మొదలెట్టాలి.

మేనకోడలు: ఇది బావుంది మావయ్యా. రేపు క్లాసులో వాడుకుంటాను. అయినా నా మాట అదే, ముందు వాడకం. 1906 ప్రాంతంలో మన జిల్లాలకి బళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర చెప్పింది ఇదే. ఇంగ్లీషుని తర్జుమా చేసి నేర్పొద్దు, మాట్లాడే ఇంగ్లీషుతోనే నేర్పండి అన్నాడు. ఆ పద్ధతి నచ్చినవాళ్ళలో గిడుగు రామ్మూర్తి గారూ ఉన్నారు.

మాస్టారు: ఉన్నారు. ఆ యేట్స్ ఇంకోటి కూడా అడిగాడు. ఇంగ్లీషులో మాట్లాడేదీ రాసేదీ దగ్గరగా ఉన్నప్పుడు తెలుగు బళ్ళో వాడే భాషకీ వీధిలో మాట్లాడే భాషకీ ఇంత దూరమేమిటని. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు, ఈ ముగ్గురూ ఆ ప్రశ్నని పట్టుకున్నారు. మన వ్యావహారిక భాషోద్యమం ఇంగ్లీషు పాఠం మీద వేసిన ప్రశ్నలోంచి లేచింది. ఇంగ్లీషు చెప్పడం గురించి నిజాయితీగా ఆలోచిస్తే తెలుగు దగ్గరికి రాక తప్పదు. వాళ్ళు వచ్చారు.

మేనకోడలు: గురజాడ పేరు మీరే తెచ్చారు. ఆయన పుట్టింది మన జిల్లా ఎస్. రాయవరంలోనే, 1862లో. ఆయన కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేసిన ఇంగ్లీషు సంభాషణ గుర్తుందా? ఎఫ్‌తో ముగిసే నామవాచకాల బహువచనం ఎలా మారుతుందో ఆ సూత్రం కూడా కబుర్లలో కలిపేశారు. దానికి ముందు పద్యం ముక్క, ఇంకో పక్క రేఖాగణితం. ఇంట్లోవాళ్ళకి అదంతా గొప్ప ఇంగ్లీషులా వినబడింది. దీని నిర్వచనాల పుస్తకం చూస్తే నాకు ఆ ఘట్టమే గుర్తొస్తుంది. నూట ఇరవై ఏళ్ళు దాటింది, మనం ఇంకా సూత్రం అప్పజెబితే ఇంగ్లీషు వచ్చిందనుకుంటున్నాం.

ఇక్కడ నేను మేనకోడలి పక్షం. ఆ సీను చదివినవాళ్ళు నవ్వుకుంటారు. నాకు మాత్రం వెంకటేశం మీద జాలేస్తుంది. ఆ పిల్లాడికి ఇంగ్లీషు రాదని ఇంట్లోవాళ్ళెవరికీ తెలియదు, వాడికి తెలుసు.

మాస్టారు: ఒప్పుకున్నాను. పాపా, మీ నాన్న బెల్లం వండేటప్పుడు పాకం వచ్చిందని ఎలా తెలుసుకుంటాడు?

పాప: గరిటెతో కొంచెం తీసి నీళ్ళలో వేస్తాడు తాతా. వేళ్ళతో నలిపితే ఉండ కట్టాలి. జారిపోతే లేత పాకం, దిమ్మ నిలబడదు. గట్టిపడిపోతే ముదురు, రంగు నల్లబడిపోద్ది, రేటు రాదు. అప్పుడు నాన్న “ముదిరిపోతంది, మంట తియ్యి” అని అరుస్తాడు.

మేనకోడలు: అదీ! ముందు చెయ్యి, తర్వాత పేరు. పాకం నిర్వచనం దీనికెవరూ రాయించలేదు.

మాస్టారు: కానీ ‘ముదురు’ అన్న మాటే లేకపోతే పొయ్యి దగ్గర కూర్చున్నవాడికి మంట తియ్యమని ఎలా చెబుతాడు? రెండు పెనాల మధ్య పదిమంది పనిచేసేచోట పేరు లేకుండా పని నడవదు. అంతెందుకు, మన ఆలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. వంటింట్లో మాటే తెచ్చుకున్నారు. తినగానే రసం వచ్చేది ద్రాక్ష, తొక్క తీస్తే చాలనేది అరటి, పీచు తీసి పగలగొడితే గానీ చిక్కనిది కొబ్బరి. పేరు వినగానే ఏం చెయ్యాలో తెలుస్తుంది. దీని పుస్తకంలో సిమిలీకి ‘లైక్, యాజ్ ఉంటే సిమిలీ’ అని రాసుంది. ‘ఐ లైక్ జాగరీ’లో కూడా లైక్ ఉంది, అదీ సిమిలీయేనా? మన ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు వెతకమంటాం. ఆ నాలుగూ వెతికే పిల్ల ‘లైక్’ దగ్గర మోసపోదు. ఇక్కడ మాత్రం మన పనిముట్టు పదునైంది, దాన్ని పక్కన పడేయనివ్వను.

మేనకోడలు: దానికి నాకేం అభ్యంతరం లేదు. అలంకారాల్లో మీ మాటే. నా గొడవ వాక్యంతో.

టాపిక్ సెంటెన్స్, డ్రాఫ్ట్, రివిజన్, ఎడిటింగ్ అన్న మాటలు కాసేపు నడిచాయి. అప్పుడు నేనూ ఒక మాట అన్నాను. మార్కెట్లో పాటలో ఏ దిమ్మ ఎంతకి పోయిందో అప్పటికప్పుడు చిట్టాలో రాసేవాళ్ళం. కొట్టివేతలుండేవి, అడ్డదిడ్డంగా ఉండేది. రాత్రి ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు మనిషి వారీగా సర్దేవాళ్ళం. చిట్టా లేకుండా ఆవర్జా రాసిన గుమాస్తాని నేను చూడలేదు. ఈ పిల్లలేమో మొదటిసారే ఫెయిర్ పుస్తకంలో రాయాలనుకుని భయపడతారు. మేనకోడలు వెంటనే “బాబాయ్, డ్రాఫ్ట్‌కి ఇంతకన్నా మంచి మాట దొరకదు” అంది. పిల్ల తన పేరా పైన ‘చిట్టా’ అని రాసుకుంది. పేరాగ్రాఫ్, కామా సంగతులు రెండు నిమిషాల్లో అయిపోయాయి. వాటిలో ఇద్దరికీ పేచీ లేదు.

మళ్ళీ ‘ఈజ్’ దగ్గరికే వచ్చారు.

మాస్టారు: నిర్వచనం వద్దన్నావు. మరి ఇది వెర్బ్ అని దీనికెలా చెబుతావు?

మేనకోడలు: చెప్పను. నీళ్ళలో వేసి చూడమంటాను. పాపా, ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’. దీన్ని ఇప్పటిది కాకుండా వెనకటి సంగతిగా మార్చు.

పాప: మై ఫాదర్... వాజ్ ఎ ఫార్మర్.

మేనకోడలు: ఏ మాట మారింది?

పాప: ఈజ్.

మేనకోడలు: ఫాదర్ మారిందా? ఫార్మర్ మారిందా?

పాప: లేదు.

మేనకోడలు: కాలం మార్చితే ఏ మాట మారుతుందో అదే వెర్బ్. అది పని చేస్తుందా చెయ్యదా అని అడక్కు. కాలం మార్చి చూడు.

పిల్ల పెన్ను ఆగిపోయింది. నేను బెల్లం పెనాల దగ్గర చాలాసార్లు చూశాను. గరిటె నీళ్ళలోకి దిగాక, వేలు తగిలేదాకా అక్కడ ఎవరూ మాట్లాడరు. ఆ అరుగు మీద అలాంటి నిశ్శబ్దం ఒక నిమిషం ఉంది.

మాస్టారు: ఇప్పుడు నన్నొక్కటి కలపనియ్యి. పాపా, తెలుగులో చెప్పు. ‘మా నాన్న రైతు’. ఇందులో క్రియ ఏది?

పాప: లేదు తాతా.

మాస్టారు: లేదు. తెలుగులో క్రియ లేకుండా వాక్యం నిలబడుతుంది. అందుకే నువ్వు ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాశావు. అది నీ తెలివితక్కువ కాదు, నీ తెలుగు నీ చేత అలా రాయించింది. సరే, మీ అత్త చెప్పినట్టు వెనకటి సంగతిగా మార్చు.

పాప: మా నాన్న రైతుగా ఉండేవాడు.

మాస్టారు: ‘ఉండేవాడు’ ఎక్కణ్ణించి వచ్చింది? ఇప్పుడు కాదని చెప్పు.

పాప: మా నాన్న రైతు కాదు.

మాస్టారు: ‘కాదు’ ఎక్కణ్ణించి వచ్చింది? తెలుగులోనూ ఉంది తల్లీ, దాక్కుని ఉంది. ఇవాళ్టి సంగతి, అవునన్న సంగతి అయితే పైకి రాదు. కాలం మార్చినా, కాదన్నా బయటికొస్తుంది. ఇంగ్లీషులో దానికి దాక్కోవడం చేతకాదు. ఎప్పుడూ ముందుకొచ్చి నిలబడాలి. నీకు కావలసిన తేడా అంత మాత్రమే.

మేనకోడలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన చేతిసంచీలోంచి పాఠం రాసుకునే పుస్తకం తీసి అందులో రెండు లైన్లు రాసుకుంది.

మేనకోడలు: మావయ్యా, ఇది తెలుగు పక్కన పెట్టకపోతే చెప్పలేనిది. ఒప్పుకుంటున్నాను. కానీ మా స్కూల్లో అన్నీ ఇంగ్లీషు మీడియం సెక్షన్లే. 2020 తర్వాత లెక్కలు, సైన్సు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుతో వచ్చాయి. ఇంగ్లీషు వాచకానికి మాత్రం ఎదురు పేజీ లేదు. అది అవసరమైంది ఇక్కడే. ఆ ఎదురు పేజీ నేను నోటితో చెప్పుకోవాలి.

మాస్టారు: చెప్పు. తెలుగు టీచరుని కూడా పిలువు. ఒకే గదిలో, ఒకే నల్లబల్ల మీద, ఎడమవైపు నువ్వు, కుడివైపు ఆయన. నా సర్వీసులో నన్నెవరూ అలా పిలవలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది.

మేనకోడలు: టైంటేబుల్లో ఆ పీరియడ్ ఎక్కడ పెడతారు? పరీక్షలో వాయిస్ మార్చమనే అడుగుతారు, తేడా చెప్పమని అడగరు. ఈ విషయంలో మీరు ఆశ పడుతున్నారు, నేను పడలేకపోతున్నాను.

మాస్టారు దానికి జవాబు చెప్పలేదు. నాకూ తోచలేదు.

ఈలోగా పిల్ల తన చిట్టా మీద పడింది. మొదటి వాక్యంలో ఫాదర్‌కీ ఫార్మర్‌కీ మధ్య ‘ఈజ్’ ఇరికించి, కాస్త ఆలోచించి ఫార్మర్ ముందు ‘ఎ’ కూడా పెట్టింది. రెండో వాక్యంలో గ్రోస్‌ని తెచ్చి షుగర్‌కేన్ ముందు పెట్టి బాణం గీసింది. తెలుగులో క్రియ చివర, ఇంగ్లీషులో మధ్యన అని మేనకోడలు చెప్పబోయి ఆగింది, పిల్ల అప్పటికే చేసేసింది. మూడో వాక్యం దగ్గర తలెత్తింది.

పాప: వర్షం పడుతోంది అంటే ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ కదా. ఇందులో ‘ఇట్’ అంటే ఎవరు తాతా?

మాస్టారు: మనకి వర్షమే పడుతుంది. వాళ్ళకి...

మేనకోడలు: ఉండండి మావయ్యా, అది నేను చెబుతాను. ఇంగ్లీషు వాక్యంలో ఆ చోటు ఖాళీగా...

ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఒకరికోసం ఒకరు ఆగారు. పిల్ల ఇద్దరికోసమూ ఆగలేదు. పుస్తకం అంచున చిన్న అక్షరాలతో ‘ఇట్ వాజ్ రెయినింగ్’ అని రాసి చూసుకుంది. ‘ఇట్’ మారలేదు. మారిన మాట కింద గీత గీసి, పేజీ తిప్పి నాలుగో వాక్యం మొదలుపెట్టింది.